ఉండవల్లి తూము: అమరావతి వాననీటి నిబంధనల చరిత్ర

కొండవీటి వాగు కొండవీడు కొండల్లో పుడుతుంది. అక్కడి నుంచి ప్రవహిస్తూ లాం దగ్గర గుంటూరు–అమరావతి రోడ్డును దాటుతుంది. తాడికొండ, తుళ్లూరు మండలాల నల్లరేగడి పొలాల గుండా సాగుతుంది. కోటేళ్ల వాగు, అయ్యన్న వాగు, పాలవాగు దారిలో వచ్చి కలుస్తాయి. నీరుకొండ, కృష్ణాయపాలెం దాటి ఉండవల్లి చేరి, ప్రకాశం బ్యారేజీకి కాస్త ఎగువన కృష్ణానదిలో పడుతుంది. ఈ వాగుకు నీరు చేరే పరీవాహక ప్రాంతం 400 చదరపు కిలోమీటర్లకు పైమాటే. దాని దిగువ భాగంలో తలపెట్టిన అమరావతి రాజధాని నగర విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు. అంటే నగరం గుండా పారే వరదలో పెద్ద వాటా నగర హద్దుకు బయట కురిసిన వానే. నగరం రాసుకున్న వాననీటి నిబంధనలు ఎప్పుడూ సరిపోకపోవడానికి, వాటిని మళ్లీ మళ్లీ నది లెక్కలతో సరిచూసుకోవాల్సి రావడానికి మూలకారణం ఇదే.

ఈ నేలది ఒక ప్రత్యేకమైన స్వభావం. ఎండకు నోళ్లు తెరిచే రేగడి మొదటి వానలను పగుళ్లలోకి గుంజుకుంటుంది. ఒక్కసారి తడిసి ఉబ్బిందంటే పగుళ్లు మూసుకుపోయి, తర్వాత పడిన నీటిని కిందికి దిగనివ్వదు. పత్తికి, మిరపకు ఈ నేల బంగారం. కానీ ఆ రెండు పంటలకూ వేరు దగ్గర నీరు నిలిస్తే ప్రాణం నిలవదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వాయుగుండం పట్టి రెండు మూడు రోజులు కురిస్తే చేలలో నీరు నిలిచి, మొక్కలు ఉరకెత్తి, ఆకులు పసుపెక్కి వాలిపోతాయి. మిరప పరిశోధనకు పేరుపొందిన లాం వ్యవసాయ పరిశోధన స్థానం ఈ వాగు దారిలోనే ఉంది. నది ఒడ్డున ఉండవల్లి, పెనుమాక వైపున్న జరీబు భూముల పరిస్థితి వేరు. అక్కడ ఊటనీరు పైపైనే దొరుకుతుంది. అరటి, కూరగాయలు, పూలు ఏడాది పొడవునా పండుతాయి. మెట్టన పారని నీరు సమస్య అయితే, జరీబులో అసలు ఇంకడానికే చోటు లేని నీరు సమస్య.

వాగు తల దగ్గర నీటిని పట్టి ఉంచాలన్న ఆలోచన ఈ ప్రాంతానికి కొత్త కాదు. కొండవీడును రాజధాని చేసుకున్న రెడ్డిరాజుల కాలంలో కొండల చుట్టూ చెరువులు వెలిశాయి. పెదకోమటి వేమారెడ్డి భార్య సూరాంబ ఫిరంగిపురం దగ్గర సంతానసాగరం అనే చెరువు తవ్వించిందని 1409 నాటి శాసనం చెబుతుంది. దాని కోసం జగనొబ్బగండ కాలువ తవ్వించిన సంగతి అమీనాబాదు శాసనంలో ఉంది. వాటిని తవ్వించింది పంటకోసం, పుణ్యంకోసం. అయినా కొండ మీద నుంచి దూకే నీటిని ఎగువనే నిలబెట్టిన చెరువు దిగువ ఊరికి వరద భారాన్ని తగ్గిస్తుంది. ఇంజనీర్లు ఇప్పుడు 'నిల్వ సామర్థ్యం' అని లెక్కగట్టేది ఈ పనినే. ఇంకా వెనక్కి వెళితే, పాత అమరావతిని ఆనుకుని ఉన్న ధరణికోటలో 1962–65 మధ్య జరిగిన తవ్వకాల్లో కృష్ణకు కలిపి తవ్విన పడవల కాలువ, దాని ఒడ్డున రేవు బయటపడ్డాయి. నదితో నేరుగా ముడిపడి బతికిన పట్టణం అది. కొత్త నగరానికి ఆ ఊరు పడమటగా ఉంటుంది. నదితో బంధం మాత్రం పేరుతో పాటే సంక్రమించింది.

ఆ బంధాన్ని ఈనాటి రూపానికి తెచ్చింది పంతొమ్మిదో శతాబ్దపు ఆనకట్ట. ఆర్థర్ కాటన్ ఆలోచన మీద, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ చేతుల మీదుగా 1852లో మొదలై 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట బెజవాడ, సీతానగరం కొండల మధ్య నదికి అడ్డంగా నిలిచింది. కాలువలకు నీరు ఎక్కాలంటే నదిమట్టం పెరగాలి. పెరిగిన మట్టం ఎగువన ఒడ్డు వెంట ఉన్న ప్రతి వాగు నోటికీ అడ్డు వస్తుంది. 1952లో ఆనకట్టకు గండి పడ్డాక దాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1957లో పూర్తయింది. ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టుకున్న ఈ బ్యారేజీ పూర్తి నీటిమట్టం 57.05 అడుగులు, అంటే 17.39 మీటర్లు. దాని వెనుక నిలిచే నీరు మూడు టీఎంసీలకు కాస్త ఎక్కువ. కృష్ణా డెల్టా తూర్పు, పడమటి కాలువలకు, విజయవాడ తాగునీటికి, ఇబ్రహీంపట్నం దగ్గరి థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఆ మట్టమే ఆధారం. అందుకే వాగు కోసం దాన్ని దించమని అడిగే హక్కు ఉండవల్లి రైతుకు ఎన్నడూ దక్కలేదు.

ఉండవల్లి దగ్గర వాగు కృష్ణలో కలిసేచోట ఉన్న తూము ఈ మొత్తం కథకు ఇరుసు. నది తక్కువగా ఉంటే తూము తలుపులెత్తి వాగునీటిని వదులుతారు. ఎగువన శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల నిండి కృష్ణకు వరద వస్తే నది వాగుకన్నా ఎత్తుకు లేస్తుంది. అప్పుడు తలుపులు దించకపోతే నది నీరే వాగులోకి ఎగదన్నుతుంది. దించితే వాగునీరు పోయే దారి లేక పొలాల మీదికి వెనక్కి మళ్లుతుంది. కృష్ణ ఒడ్డున కట్టిన కరకట్టది కూడా ఇదే వరస. నదిని బయట ఆపిన గట్టే లోపల కురిసిన వానను బయటికి పోనివ్వదు. పెదపరిమి దగ్గర కోటేళ్ల వాగు రోడ్డెక్కి రాకపోకలు ఆగిపోవడం, పేరులోనే నీరున్న నీరుకొండ చుట్టూ నీరు చేరడం ఆ ఊళ్లవారికి ఏళ్ల తరబడి అలవాటైన కష్టం. పెద్ద వరదల్లో పది వేల ఎకరాలకు పైగా మునిగేది. వాన తగ్గాక కూడా నది తగ్గేదాకా ముంపు తగ్గేది కాదు. పైరు పోయేది ఎక్కువగా వాన కురిసిన రోజున కాదు, ఆ తర్వాత నీరు కదలని రోజుల్లో.

ఈ నీటిని పాలించిన చట్టాలు ఒక్కొక్కటి ఒక్కో అవసరానికి, ఒక్కో కాలంలో, ఒక్కో శాఖ చేతిలో పుట్టాయి. 1884 నాటి మద్రాసు నదుల పరిరక్షణ చట్టం నదీగర్భాన్ని, గట్లను కాపాడేందుకు వచ్చింది. అనుమతి లేకుండా నదిలో అడ్డుకట్టలు, కట్టడాలు లేపకుండా చూడటం దాని పని. 1968లో వచ్చిన కృష్ణా, గోదావరి డెల్టా మురుగునీటి పన్ను చట్టం డ్రెయిన్ల బాగుకు డబ్బు సమకూర్చేందుకు ఉద్దేశించింది. సాగునీటి కాలువ ఎంత ముఖ్యమో మురుగు కాలువా అంతే ముఖ్యమని, ఆ ఖర్చును ప్రాంతమంతా పంచుకోవాలని ఒప్పుకున్న చట్టం అది. దాని దృష్టి డెల్టా మీద. కొండవీటి వాగు పరీవాహకం ప్రధానంగా డెల్టాకు ఎగువనున్న మెట్ట. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, జనం నోట 'వాల్టా', భూగర్భజలాన్ని కాపాడటం మీద, వాననీటిని ఇంకించడం మీద దృష్టి పెట్టింది. అనంతపురం లాంటి కరువు జిల్లాకు అది ప్రాణావసరం. రేగడి నేలలో, ఊట పైకే ఉన్న నది ఒడ్డున ఇంకుడు గుంత వానాకాలంలో నిండిన గుంతగానే మిగులుతుంది. రాష్ట్రమంతటికీ ఒకటే నిబంధన పెడితే నేల దాన్ని ఒప్పుకోని చోట్లు ఇలా తేలతాయి.

భవన నిర్మాణ నిబంధనలు నీటిని చూసిన తీరు మరొకటి. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీవో, పురపాలక పరిధికి వెలుపల నది హద్దు నుంచి 100 మీటర్లు, పరిధి లోపల 50 మీటర్లు ఖాళీ వదలాలని చెప్పింది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. పది మీటర్లకు మించి వెడల్పున్న వాగుకు, కాలువకు 9 మీటర్లు. అంతకు తక్కువ వెడల్పున్న వాటికి 2 మీటర్లు. ఈ కొలతలు అవసరమైనవే, ఆక్రమణను ఆపడానికి చేతిలో ఉన్న గట్టి ఆయుధాలే. అయితే వీటిలో వాగు అంటే ఒక గీత, దానికి అటూ ఇటూ కొంత ఖాళీ. ఎంత వాన పడితే వాగు ఎంత వెడల్పున పారుతుందన్న ప్రశ్నకు ఇందులో జవాబు ఉండదు. ఉండవల్లి తూము మూసినప్పుడు కొండవీటి వాగు తొమ్మిది మీటర్ల దగ్గర ఆగదు.

2014లో రాష్ట్ర విభజన తర్వాత రాజధాని కోసం తుళ్లూరు, తాడేపల్లి, మంగళగిరి మండలాల్లోని 29 గ్రామాల ప్రాంతాన్ని ఎంచుకున్నప్పుడు ఈ చట్టాలన్నీ ఒకే నేల మీద ఎదురుపడ్డాయి. 2014 డిసెంబరు చివర అమల్లోకి వచ్చిన రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ చట్టం చేసిన ఒక మేలును గుర్తించాలి. అది నగరానికి మాత్రమే కాక, దాని చుట్టూ ఏడు వేల చదరపు కిలోమీటర్లకు మించిన రాజధాని ప్రాంతానికి కూడా ఒకే ప్రణాళికా సంస్థను ఇచ్చింది. వాగు పుట్టుక, నడక, ముగింపు ఒకే సంస్థ పటం మీద చూడగలిగే వీలు అంతకుముందు లేదు. భూసమీకరణలో రైతులు 33 వేల ఎకరాలకు పైగా అప్పగించారు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. సింగపూర్ సంస్థలు గీసిన బృహత్ ప్రణాళిక 2016 మొదట్లో ఖరారైంది. వాగులను పూడ్చి రోడ్లు వేయడం కాకుండా, వాటినే వెడల్పు చేసి నగరానికి నడుమ నీటిదారులుగా, పక్కన పచ్చదనంగా ఉంచాలన్నది అందులోని ఆలోచన. హైదరాబాదులో, విజయవాడలో నాలాలకు పట్టిన గతి చూసినవారికి ఈ నిర్ణయం విలువ తెలుస్తుంది.

సింగపూర్ అనుభవం ఇక్కడికి సరిగ్గా అతికే చోటొకటి ఉంది. ఆ నగరం 2008లో తెరిచిన మరీనా బ్యారేజీ వెనుక పల్లపు వీధులు ఉన్నాయి, ముందు సముద్రం ఉంది. సముద్రం పోటు మీద లేనప్పుడు తలుపులెత్తి వాననీటిని వదులుతారు. పోటు వేళ వాన పడితే తలుపులెత్తరు. ఒక్కొక్కటి సెకనుకు 40 ఘనపు మీటర్లు తోడే ఏడు పంపులతో నీటిని సముద్రంలోకి ఎత్తిపోస్తారు. అక్కడ సముద్రం చేసే పనిని ఇక్కడ కృష్ణ చేస్తుంది. తేడా ఒక్కటే. పోటు కొన్ని గంటల్లో తగ్గుతుంది, కృష్ణ వరద రోజుల తరబడి తగ్గకపోవచ్చు.

నిబంధనలను నీటి లెక్కతో ముడిపెట్టమని గట్టిగా చెప్పింది న్యాయపీఠం. రాజధానికి 2015 అక్టోబరులో ఇచ్చిన పర్యావరణ అనుమతిని సవాలు చేస్తూ వేసిన దరఖాస్తుల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 నవంబరు 17న తీర్పు చెప్పింది. అనుమతిని రద్దు చేయకుండానే అదనపు షరతులు పెట్టింది. కొండవీటి వాగు పరీవాహకాన్ని సమగ్రంగా అధ్యయనం చేసి గుర్తించాలని, నది, వాననీటి సహజ ప్రవాహాల తీరును శాస్త్రీయ పరిశీలన లేకుండా మార్చరాదని, అమలును చూడటానికి కమిటీలు వేయాలని ఆదేశించింది. అప్పటిదాకా ముంపు అంటే గట్టు కట్టడం, పూడిక తీయడం, పంపు పెట్టడం. ఆ తీర్పుతో మొదట పరీవాహకం, తర్వాతే నగరం అన్న వరుస చట్టబద్ధమైన షరతు అయింది. ఈ చరిత్రలో అన్నిటికన్నా దూరం చూసిన మాట ఇదేనని చెప్పాలి.

ఈలోగా ఉండవల్లిలో ఎత్తిపోతల పని సాగింది. 2017లో మొదలుపెట్టి 2018 సెప్టెంబరులో ప్రారంభించిన ఈ పథకానికి 237 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టారు. పదహారు పంపులు కలిసి 5,000 క్యూసెక్కులను తూము మూసి ఉన్నప్పుడు కూడా నదిలోకి ఎత్తిపోయగలవు. ఈ అంకె అర్థం కావాలంటే చిన్న లెక్క వేయాలి. 5,000 క్యూసెక్కులు ఒక పగలూ రాత్రీ ఆగకుండా తోడితే 0.43 టీఎంసీ. 400 చదరపు కిలోమీటర్ల పరీవాహకం మీద పది సెంటీమీటర్ల వాన పడితే కురిసిన నీరు 1.4 టీఎంసీలు. అందులో సగమే వాగుకు చేరిందనుకున్నా 0.7 టీఎంసీ. అంటే అన్ని పంపులూ ఆగకుండా తిరిగితే ఒకటిన్నర రోజుకు పైగా పని. వాయుగుండం రోజున పది సెంటీమీటర్ల వాన ఈ జిల్లాల్లో అసాధారణం కాదు. నేల ఇప్పుడున్నట్టు పొలంగా ఉన్నప్పటి లెక్క ఇది. రోడ్లు, డాబాలు, సిమెంటు ఆవరణలు పరుచుకున్న కొద్దీ సగం కాస్తా ముప్పాతిక అవుతుంది, రావడం కూడా ముందే వస్తుంది.

నగరం ఎంత నీటిని వదలొచ్చన్న నిబంధన అవసరమయ్యేది ఇక్కడే. దేశంలో పట్టణాల వాననీటి కాలువలకు చాలాకాలం ఆధారం 1993 నాటి మురుగునీటి మాన్యువల్. సంవత్సరానికి ఒకటి రెండుసార్లు పొంగినా ఫరవాలేదన్న అంచనా మీద నివాస వీధుల కాలువలకు కొలతలు తీసేవారు. 2019లో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ వాననీటి పారుదలకు విడిగా మాన్యువల్ తెచ్చి, ఈ ప్రమాణాన్ని పెంచింది. వీధి కాలువ పెద్దదైతే వీధికి మంచిదే. అది వదిలే నీరంతా చేరేది మాత్రం అదే వాగులోకి, అదే తూము దగ్గరికి. వీధి కాలువ కొలత ఒక పుస్తకంలో, వాగు కొలత మరో శాఖలో, తూము తలుపులు మూడో చోట ఉంటే, పైన ఎంత వేగంగా వదిలితే కింద అంత ఎత్తున నిలుస్తుంది.

2019 తర్వాత అయిదేళ్లపాటు నగర నిర్మాణం ఆగింది. తవ్వి వదిలిన పునాదుల్లో నీరు నిలిచింది, రోడ్ల పక్కన తుమ్మలు లేచాయి. ఆ కాలాన్ని గురించి నీటి చరిత్రలో చెప్పుకోవాల్సింది అంతకుమించి లేదు.

2024 సెప్టెంబరు మొదటి వారం మాత్రం వివరంగా చెప్పుకోవాలి. ఆగస్టు 31 నుంచి కురిసిన వానకు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. బ్యారేజీ తట్టుకునేలా కట్టిన ప్రవాహం 11.9 లక్షలు. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్ల దగ్గర గుద్దుకున్నాయి. అవతలి ఒడ్డున విజయవాడలో బుడమేరు పొంగింది. బుడమేరుదీ కొండవీటి వాగు కథే, తిరగేసి రాసినట్టు ఉంటుంది. అది సహజంగా కొల్లేరు వైపు పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదలో కొంత భాగాన్ని మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి, బ్యారేజీకి ఎగువన కలిపారు. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు అది కూడా తీసుకోదు. ఆ వారం కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీల్లో లక్షల మంది రోజుల తరబడి నీటి నడుమ చిక్కుకున్నారు. అక్కడ ఇళ్లు కట్టిన చోటు బుడమేరు పాత పల్లం. ఒకే బ్యారేజీ చెరువు, రెండు ఒడ్లు, రెండు వాగులు. విజయవాడ వాననీటి నిబంధనలు, అమరావతి వాననీటి నిబంధనలు వేరువేరుగా రాసినా కింద వాటిని పాలించే మట్టం ఒక్కటే.

ఆ అనుభవం తడి ఆరకముందే అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్ల రుణానికి ఆమోదం తెలిపింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు కూడా దాదాపు అంతే మొత్తానికి అదే నెలలో ఒప్పుకుంది. వరద నివారణ ఆ పనుల్లో ముఖ్యభాగం. కొండవీటి వాగు, పాలవాగులను వెడల్పు, లోతు చేయడం, వాగుల భారం తగ్గించడానికి కొత్తగా గ్రావిటీ కాలువ తవ్వడం, నీరుకొండ, శాఖమూరు, కృష్ణాయపాలెం దగ్గర జలాశయాలు కట్టడం, ఉండవల్లిలో మరో ఎత్తిపోతల కేంద్రం పెట్టడం ప్రణాళికలో ఉన్నాయి. నీరుకొండ జలాశయానికి అనుకున్న నిల్వ 0.4 టీఎంసీ. మొదటి పంపులు ఒక రోజంతా తోడే నీటికి దాదాపు సమానం. ఆరువందల ఏళ్ల కిందట సూరాంబ తవ్వించిన చెరువు, ఈ జలాశయం నీటిని నిలబెట్టాలన్న ఒకే ఆలోచనకు ఎగువన ఒకటి, దిగువన ఒకటిగా నిలిచిన రెండు రూపాలు.

కాలువలు, పంపులు, జలాశయాలు డబ్బుతో కట్టేవి. ప్రాంతపు నీటి ప్రణాళికకు నగర నిబంధనలను సరిపోల్చడం కలంతో చేసేది, అది ఇంకా సగంలోనే ఉంది. నగరం లోపల వాగు వెంట రక్షిత ప్రాంతం గీశారు. లాం ఎగువన, తాడికొండ పైన, కొండవీడు వాలున వెంచర్లు వేసి కుంటలు పూడ్చితే వచ్చే అదనపు నీటికి నగరం లోపలి గీత అడ్డు పడదు. పరీవాహకంలో ఎక్కడ లేఅవుటు వేసినా, వేయకముందు ఆ నేల వాగుకు వదిలినంత నీటికన్నా ఎక్కువ వదలకూడదన్న షరతు పంచాయతీ పరిధిలోనూ, నగర పరిధిలోనూ ఒకటే కావాలి. ఇంకుడు గుంత పనికిరాని రేగడిలో చిన్న నిల్వ కుంటను దానికి బదులుగా ఒప్పుకోవాలి. ఇంటి నేలమట్టం పక్క రోడ్డును చూసి నిర్ణయించే అలవాటు పోయి, తూము మూసినప్పుడు వాగు నిలిచే ఎత్తును చూసి నిర్ణయించే పద్ధతి రావాలి. పులిచింతల నుంచి ఎంత నీరు వదులుతున్నారో, అది ఉండవల్లికి ఎన్ని గంటల్లో చేరుతుందో నగర కాలువల సిబ్బందికి ముందే తెలిస్తే, నది లేవకముందే వాగును, జలాశయాలను ఖాళీ చేసుకోవచ్చు. జలవనరుల శాఖ గేట్ల పట్టిక, నగర సంస్థ కాలువల పట్టిక ఒకే బల్ల మీదికి రావడం దీనికి కావలసిన మొదటి పని. దానికి రుణం అక్కరలేదు.

భూములిచ్చిన రైతులకు ఈ లెక్క కొత్తగా చెప్పనవసరం లేదు. ఏ సంవత్సరం నీరు ఏ గట్టు దాకా వచ్చిందో నీరుకొండలో, కురగల్లులో పెద్దవాళ్లకు నోటికి వచ్చు. వారికి తిరిగి ఇచ్చిన ప్లాట్లలో కొన్ని ఆ పాత ముంపు పొలాలకు దగ్గర్లోనే ఉన్నాయి. ఆ మనుషుల జ్ఞాపకంలోని ముంపు గుర్తులను, కొలిచిన మట్టాలతో సరిచూసి, నిబంధనల పటం మీదికి ఎక్కించడం ఆ తరం ఉండగానే జరగాలి. కొత్త పంపులు వచ్చినా, కాలువలు వెడల్పయినా ఉండవల్లి తూము అవతల ప్రకాశం బ్యారేజీ పూర్తి మట్టం 57.05 అడుగులుగానే ఉంటుంది.